కప్ప చేయి, మన చేయి

1996 ఆగస్టు, బుధవారం రాత్రి

ప్రాక్టికల్స్‌లో ఎప్పుడూ చేయించేదే ఈరోజూ చేయించాను. కప్పను కోసే ముందు పిల్లలు దాని ముందరి కాలి పక్కన తమ చేయి పెట్టి చూడాలి. భుజం ఎముక, ముంజేయి, వేళ్లు. రెండింటిలోనూ అదే వరుస. "ఏనాటిదో ఒకే మూలం నుంచి వచ్చాం. అందుకే ఇది మన చుట్టం" అన్నాను.

స్వరూప చేయి పెట్టలేదు. "మేడం, దీనికి ముంజెయ్యే లేదు" అంది.

ఫ్యాక్టరీల వెనక కుంటలో పట్టిన కప్ప. "ఏదో కొరికి ఉంటుంది" అన్నాను. కానీ గాయం మచ్చ లేదు. ఆ చేయి అసలు మొలవనే లేదు.

"చుట్టాలమైతే మనకు గూడ గిట్లనే అయితదా మేడం?"

రికార్డు రాసుకొమ్మని కసిరాను. పాపం, ఆ పిల్ల తప్పేముంది.

ఇంటికి రాగానే అత్తమ్మ చెంబు చేతికిచ్చింది. "ఐదో నెల పడ్డది, నీళ్లు మంచిగ తాగాలె బిడ్డా." మా బోరు ఆ కుంట పక్కనే. నీళ్లు తేటగానే ఉన్నాయి. తాగేశాను.

ఇది రాస్తుంటే లోపల బిడ్డ కదిలింది. కాలితోనా, చేత్తోనా... చేత్తో అయితే బాగుండు.