ముందు వరుస పైల్

చెన్నూరు, మంగళవారం రాత్రి

నా నోటికి తాళం వేసే మొగోడు ఇంకా పుట్టలే. పొద్దున హోటల్ కాడ చాయ్ తాగుకుంట, ఎవరూ అడగకున్నా, గోదావరి బ్రిడ్జి ఎట్ల నిలబడ్డదో చెప్పుడు మొదలువెట్టిన. పాత పుస్తకాల కొట్ల కొన్న ఇంజనీరింగు పుస్తకం చేసిన పని! ఇసుకల గుంపుగ దింపిన కాంక్రీటు పైల్స్‌ను, అంటే బ్రిడ్జి పునాది కంబాలను, వరద పక్క నుంచి నూకినా వంగకుండ పట్టేది పైపైన ఉన్న ఇసుకేనని, అది తోడుకపోతే పట్టు పోతదని చెప్పిన. చాయ్ గ్లాసులు వరుసలుగ పేర్చి, ముందు వరుసకే బరువెక్కువ, వెనకవి దాని చాటున నిలబడతయని గూడ చూపించిన.

"గదే రేపు ఇసుక తవ్వకం చూడ వచ్చే ఆఫీసర్ ముంగట చెప్పు తాతా, ఇసుక ట్రాక్టర్లు బందైతయి," అన్నడు హోటల్ మల్లేశం. "నువ్వు ముందుండు. మేమంత నీ వెనకనే."

వెనక నిలబడుడు ఎంత సుఖమో అప్పుడే నేర్పిస్తిని గద! సరేనన్న.

రాత్రి బిడ్డ అన్నం పెట్టుకుంట, "బాపూ, రేపు ఏడికీ పోకు. గా ట్రాక్టర్లల్ల నీ అల్లునిది గూడ ఉన్నది. మనం తినే అన్నం దానిదే," అన్నది. దానికీ సరేనన్న.

బయట అల్లుడు ఈల వేసుకుంట టైర్లకు గాలి చూస్తుండు. పైలే నయం, వరద దాన్ని ఒక్క దిక్కు నుంచే నూకుతది.