పగటిపూట తోడు

హైదరాబాదు, 9-3-1992

అమ్మా, నేను బాగానే ఉన్నాను, ఫికర్ పడకు. సైకాలజిస్టుగా దవాఖానలో నేను చూసే బాలింతల్లో ఒకమ్మాయి వచ్చే సోమవారం ఆలేరుకు, పుట్టింటికి వస్తున్నది. కార్డును పోస్టు కిష్టయ్య ఎట్లాగూ చదువుతాడు కనుక పేరు రాయను. వాళ్లమ్మే నిన్ను కలుస్తుంది. "బిడ్డను ఎత్తుకోవాలంటేనే బుగులైతాంది మేడం" అని ఆ అమ్మాయి మొదట్లో అనేది. ఇప్పుడు తేరుకుంది. కాని వాళ్లమ్మ కూలికి పోయాక ఒంటరిగా ఉంటే ఆ భయం మళ్లీ పట్టుకుంటుంది.

చిన్నమ్మ బాలింతగా ఏడ్చినన్నాళ్లూ నువ్వు చింతపండు గింజలు తీస్తూ, ఏమీ అడగకుండా పక్కన కూర్చునేదానివి. నేను నీ ఒడిలో నిద్రపోయేదాన్ని. అట్లాగే రోజూ వెళ్లి ఆ అమ్మాయి పక్కన కూర్చో. బర్రె ఈనిందా? బాపుకు దండాలు.

"మీ అమ్మ తిడతదా మేడం?" అని, నువ్వు వస్తావని చెప్పినప్పుడు ఆ అమ్మాయి అడిగింది.

"తిడతది. గని నీ పక్కనుంచి లేచి పోదు" అన్నాను.

నీ బిడ్డ,
అండాలు