దుర్గం కొండ మీద అక్క ఎత్తిన రాయి

ఆదివారం రాత్రి

ఉదయగిరి దుర్గం శిఖరం దాకా అక్కా, బావా, నేనూ ఎక్కాం. అందరికంటే ముందు చేరిన అక్క గాలికి చేతులు చాచి నవ్వింది. వెనకే వచ్చిన బావ, "మొగుణ్ణి వదిలేసి ఏందే ఆ పరుగు?" అంటూ చెంప పగలగొట్టాడు. మళ్లీ చెయ్యెత్తగానే అక్క రాయి తీసి అతని నుదుటి మీద కొట్టింది. రక్తం కళ్లల్లోకి కారుతుంటే బావ కొండ అంచు వైపు తూలాడు. నేను చొక్కా పట్టి లాగాను.

నా చున్నీతో కట్టు కట్టి, ఇద్దరం పట్టుకుని కిందికి దింపాం. ఆస్పత్రిలో బావ, "కాలు జారి పడినాను," అన్నాడు.

"కాదు, నేనే కొట్టినాను. ముందు ఈయన నన్ను కొట్టినాడు. రెండూ రాసుకోండి," అంది అక్క నర్సుతో.

ఇప్పుడు నా గదిలో హాయిగా నిద్రపోతోంది. నాకే నిద్ర రావడం లేదు. బావ చొక్కా అందుకునే ముందు ఒక్క క్షణం ఆగాను. పడనీ అనుకున్నాను...