అమ్మకి చదివి వినిపించాల్సింది కింది గీత దాకానే

బస్రా, 10-2-46

చిరంజీవి తమ్ముడు అంకమ్మరావుకి దీవెనలు. పటమటలో ఉన్న మనవాళ్లందరికీ తెలియజేయడమేమనగా, మీ అన్నకి పొట్ట వచ్చింది, పాత మొలతాడు తెగిపోయింది. ఉత్తరాన మోసుల్లో గోధుమ నూక తిని నేను చిక్కిపోతున్నానని అమ్మ బెంగపడి ఒంటిపూట ఉంటోందని రాశావు. మా బట్టలకొట్టు షావుకారు మమ్మల్ని బస్రా పంపించేశాడు. ఇక్కడంతా మన లంకల్లాగే నీళ్లు. రెండుపూటలా వరన్నం, కాల్చిన చేప, ఎండు నిమ్మకాయ వేసిన పులుసు. మా వంటవాడు హసన్‌ది ఈ ఊరే. "మోసుల్ వాళ్లకి అన్నం పండక్కి, మాకు పూటపూటకీ" అని మీసం దువ్వుతాడు. అమ్మా, ఇక రాత్రి కూడా అన్నం తిను. మగ్గం గుంటలో చెమ్మ తగ్గిందా? పిల్లలకి దీవెనలు.

————————

తమ్ముడూ, ఇక్కణ్ణుంచి నోట్లోనే చదువుకో. పోస్టు ముద్ర చూడు, ఇంకా మోసుల్లోనే ఉన్నా. పొట్ట నేను కల్పించిందే. బస్రా తిండి నిజమే గానీ అది పోయినేడు తిన్నది. హసన్ కూడా నిజమే, రోజూ నూక ముందు కూర్చుని మాతోపాటే నిట్టూరుస్తాడు. గోధుమ పడక ఇరవై రోజులు మంచంలో ఉన్నా, ఇప్పుడు లేచి తిరుగుతున్నా. అమ్మ రెండుపూటలా తింటోందో లేదో, నువ్వు మాత్రం కల్పించకుండా రాయి.

మీ అన్న,
మల్లేశ్వరరావు