సప్పుడు చెయ్యకు

మంగళవారం, రాత్రి

పాపకు వినికిడి బాగానే ఉందని ఇవాళ దవాఖానలో చెప్పారు. నాలుగేళ్లు దాటినా మాట, తెలివి మాత్రం రెండేళ్ల పిల్లకు ఉన్నంతేనట. తర్వాత డాక్టర్ మేడమ్ ఫారం ముందు పెట్టుకుని అడుగుతూ పోయింది. మేనరికమా? కాదు. నా చదువు? ఏడో తరగతి. పెళ్లినాటికి వయసు? పదిహేడు. "ఇంట్ల పాపతోని ఎంతసేపు మాట్లాడతరు?" అని కూడా అడిగింది.

ఆయనది నైట్ షిఫ్టు. బొగ్గు బావి నుంచి వచ్చి పగలంతా పడుకుంటాడు. మాది ఒక్క గది క్వార్టర్. పాప పుట్టినప్పటి నుంచి నోటి మీద వేలేసుకుని నేను అన్నది ఒక్కటే మాట: "సప్పుడు చెయ్యకు బిడ్డా, నాయిన పండుకున్నడు."

"గట్ల చేసుడుతోనే గిట్లయిందా మేడమ్?" అని అడిగాను.

"ఒక్కదానితోనే కాదమ్మా. చానా కారణాలుంటయి, ఇదే అని చెప్పలేం."

మరి నా పెద్ద బిడ్డ కూడా ఈ గదిలోనే పెరిగింది కదా, అది గలగలా మాట్లాడుతుందే! నాకేమీ అర్థం కావడం లేదు.

ఇందాక ఆయన డ్యూటీకి వెళ్లగానే పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నాయిన పోయిండు, ఇగ గట్టిగ మాట్లాడు బిడ్డా" అన్నాను.

అది నా పెదాల మీద వేలు పెట్టింది.