పై వాటాలో తీగచుట్ట

పై వాటా పళ్ళసెట్ల మేస్త్రీగారికి,

కింది వాటా ఇంటావిడ నమస్కారాలు. నేను క్షేమమని రాయాలనే ఉంది, కానీ అది మీ చేతుల్లో ఉంది.

డాక్టర్లకి కట్టుడుపళ్ళు చేసిస్తానంటే నెమ్మదైన మనిషే అనుకుని ఇల్లిచ్చాను. నిన్న బట్టలారెయ్యడానికి డాబా ఎక్కుతూ మీ కిటికీలోంచి చూశాను. గది మధ్యలో మనిషెత్తు చెక్కచట్రం. దాని చుట్టూ రాగితీగ. మీరు చెవులకి డిప్పలు తగిలించుకుని, కళ్ళు మూసుకుని, దాన్ని అంగుళం అంగుళం తిప్పుతున్నారు. వెనక అలమరలో దవడలు వరసగా నవ్వుతున్నాయి. తడిబట్టలు తడిబట్టలుగానే కిందికి తెచ్చేశాను.

పక్కింటి అన్నయ్యగారికి చెబితే ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అది పసిగట్టే యంత్రమమ్మా! అతన్ని ఇవాళే ఖాళీ చేయించు" అన్నారు. ఆయనంతటి మనిషే బెదిరిపోతే ఇక నేనెంత?

ఎదురుపడి అడిగే ధైర్యం లేక ఈ కాగితం మీ తలుపు కిందినుంచి తోస్తున్నాను. జవాబు మెట్ల దగ్గర చెప్పుల స్టాండులో పెట్టండి. పైనుంచి పిలవకండి.

భయంతో,
కింది వాటా

తా.క.: ఇది తోయబోతుంటే లోపల ఎవరో దగ్గారు. మీరే అయితే ఫరవాలేదు.

---

అమ్మగారి సమక్షానికి,

పై వాటావాడు వణుకుతూ రాసుకునే మనవి. మీ ఉత్తరం చదువుతుంటే చేతిలోని పైదవడ జారిపడి రెండు ముక్కలైంది. దయచేసి నన్ను ఖాళీ చేయించకండి. ఇన్ని పళ్ళేసుకుని వస్తే ఇల్లెవరిస్తారు?

అది లూప్ యాంటెన్నా అమ్మగారూ. నాకు ఎమెచ్యూర్ రేడియో సరదా, లైసెన్సు కూడా ఉంది. లో ఫ్రీక్వెన్సీ అలలు మహా పొడుగు. వాటికి సరైన యాంటెన్నా కట్టాలంటే మన వీధి చాలదు. అందుకని గదిలో పట్టేలా చట్రానికి తీగ చుట్టి, చిన్నచిన్న మార్పులతో ప్రయత్నిస్తున్నాను. వినడానికే తప్ప పంపడానికి కాదు. సముద్రాలవతల నాలాంటి పిచ్చివాడెవడో పంపే సన్నటి కూత ఒక్కసారి చెవినపడితే చాలు.

పడటం లేదు. బరబరమని ఏదో చప్పుడు అన్నిటినీ మింగేస్తోంది. లూపులో ఉన్న సుగుణం ఏమిటంటే, తిప్పుతూ పోతే చప్పుడు ఎటునుంచి వస్తోందో చెప్పేస్తుంది. చెప్పింది. మీ పడగ్గదిలోంచి.

అక్కడ మీరేం చేస్తుంటారో కాస్త తెలియజేయగలరా?

విధేయుడు,
పై వాటా

తా.క.: దగ్గింది నేనే. మీ అడుగుల చప్పుడు విని భయమేసింది.

---

పై వాటా ఆయనకి,

నమస్కారం పెట్టడానికి చేతులాడటం లేదు.

నా పడగ్గది వింటున్నారా! పసిగట్టే యంత్రమంటే అన్నయ్యగారి చాదస్తమనుకున్నాను. నిజమేనన్నమాట. మీరు విన్నవాటికి ముందే జవాబు చెప్పుకుంటాను. మా చెల్లెలితో ఫోనులో "ఎముకలగూడు" అన్నది మిమ్మల్ని కాదు, మా పాత గొడుగుని. "పళ్ళికిలించే పిశాచం" అన్నది కుట్టుమిషనుని. "ఎప్పుడు పీడ విరగడవుతుందో" అన్నది నా మోకాలినొప్పి గురించి. గొడుగుకి పెళ్ళెందుకు కాలేదో అని కూడా అనుకున్నాం. అది వేరే గొడుగు.

ఇప్పట్నుంచీ ఇంట్లో సైగలే. మాటల్లేవు.

ఇట్లు,
నోరు మూసుకున్న కింది వాటా

తా.క.: గురక వినబడితే అది నాది కాదు.

---

అమ్మగారికి,

ఒట్టు. మనుషుల మాటలు ఆ తీగకి అందవు. మీరు ఫోనులో ఏమనుకున్నారో నాకు తెలియదు. అంటే, మీ ఉత్తరం వచ్చేదాకా తెలియదు.

దానికి అందేది కరెంటు చేసే రొద మాత్రమే. కుట్టుమిషను మోటారో, ఫ్రిజ్జో, ఏదో ఒకటి అయ్యుండాలి. ఆదివారం మధ్యాహ్నం ఒక్క గంట మీ ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపుతారా? చప్పుడు ఆగితే దోషి దొరికినట్టే. ఆగకపోతే... ఆగుతుందిలెండి.

విధేయుడు,
పై వాటా గొడుగు

తా.క.: పెళ్ళి సంగతి మా అమ్మ కూడా అడుగుతోంది.

---

పై వాటా బాబుకి,

ఆదివారం మధ్యాహ్నం, చెమటలు కక్కుతూ రాస్తున్నాను.

అన్నీ ఆపేశాను. మిషను, ఫ్రిజ్జు, ఫ్యాను, గోడగడియారంలో బ్యాటరీ కూడా. మెయిన్ స్విచ్చు మాత్రం ముట్టుకోలేదు. అదంటే నాకు చచ్చేంత భయం. ఇల్లంతా ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని తెలియదు. నా గుండె చప్పుడు నీకు వినబడుతోందేమో చూడు.

ఇంతలో అన్నయ్యగారు పరిగెత్తుకొచ్చారు. మిషను చప్పుడు లేదేం, ఎందుకాపావన్నారు. నీ పరీక్ష సంగతి చెప్పగానే కుర్చీలో కూలబడ్డారు. "వాడి సామాను నేనే మోస్తానమ్మా, పళ్ళతో సహా. ఇవాళే పంపేద్దాం" అంటూ నా చేతులు పట్టుకున్నారు. ఆ చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి.

చప్పుడు ఆగిందని రాయి నాయనా.

ఇట్లు,
కింది వాటా

తా.క.: నిన్ను నువ్వు అనేశాను. భయంలో మర్యాద గుర్తులేదు.

---

అమ్మగారూ,

మర్యాదలకి టైము లేదు. చప్పుడు ఆగలేదు. ఎక్కువైంది.

లూపుతో మూలమూలా తిరిగి మళ్ళీ చూశాను. సరిగ్గా మీ మంచం తలవైపు గోడను చూపిస్తోంది. మీవన్నీ ఆపినా ఆ గోడలో కరెంటు నడుస్తోంది. లోపల ఎక్కడో అతుకు వదులై నిప్పురవ్వలు రాలుతున్నాయని నా భయం. గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే వెంటనే బయటికొచ్చేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఈ కాగితం స్టాండులో పెట్టి ఆగలేను. దీన్ని తోసి మీ తలుపు కొడతాను. కేకలు వెయ్యకండి. లూపు నా చేతిలోనే ఉంటుంది. దాన్ని చూసి కూడా కేకలు వెయ్యకండి.

పై వాటా

---

చిరంజీవి పై వాటా బాబుకి,

కింది వాటా పిన్ని దీవెనలు. కేక వేసినందుకు ఏమనుకోకు. రాగితీగ మధ్యలోంచి నీ ముఖం ఒక్కసారిగా కనబడితే ఎవరికైనా అంతే.

ఎలక్ట్రీషియన్ రాగానే, దవడలు ఇచ్చి రావాలని నువ్వు క్లినిక్కుకి పరిగెత్తావు. తర్వాత ఏం జరిగిందో నువ్వు తెలుసుకోవాలి, నేను ఇంకా నోటితో చెప్పే స్థితిలో లేను.

గోడ వెచ్చగా కాదు, కాలుతోంది. ఎలక్ట్రీషియన్ పెచ్చు ఊడగొడితే లోపల తీగల అతుకు బొగ్గయిపోయి ఉంది. తొడుగు కరిగి కారింది. నా దిండుకి జానెడు దూరం. నేను రోజూ తల పెట్టుకున్నది అక్కడే బాబూ.

అతను మెయిన్ స్విచ్చు కట్టేశాడు. కట్టేయగానే పక్కింట్లో గుర్రుమంటున్న మోటారు ఠక్కున ఆగింది. అన్నయ్యగారు గుమ్మంలోకొచ్చి "కరెంటు పోయిందేంటి!" అని అరిచారు. ఎదురింట్లో టీవీ మోగుతూనే ఉంది. వీధంతా కరెంటుంది. పోయింది మాకూ, ఆయనకీ!

ఎలక్ట్రీషియన్ ఆ బొగ్గు అతుకులోంచి ఒక తీగ పట్టుకుని లాగాడు. అది మా గోడ దాటి నేరుగా ఆయనింట్లోకి వెళ్ళింది. మా మీటరు మీద ఆయన మోటారు తిరుగుతోందన్నమాట. "ఏమిటన్నయ్యగారూ ఇది?" అంటే ఆయన తలొంచుకుని గొణిగారు: "ఆ కుర్రాడు కరెంటాఫీసు మనిషనుకున్నానమ్మా. ఆ రింగు దొంగకరెంటు పట్టేదనుకున్నా. అందుకే ఖాళీ చేయించమన్నా."

మన ముగ్గురిలో నిజంగా భయపడాల్సిన కారణం ఉన్నది ఆయనకే. నువ్వెక్కడికీ వెళ్ళొద్దు.

ఇట్లు,
బతికి బట్టకట్టిన
కింది వాటా పిన్ని

తా.క.: ఆయన ఇందాక గోడ అవతలినుంచి మెల్లగా, "ఆ కుర్రాడు మా ఇంట్లో ఇంకా ఏమేం విన్నాడమ్మా?" అని అడిగారు. దానికి మనుషుల మాటలు వినబడవని నేను చెప్పలేదు. నువ్వూ చెప్పకు.