ఏటివైపు చూడకు బావా

బుకిట్ పంజాంగ్, సింగపూర్
శనివారం

మహారాజశ్రీ బావగారు సుధాకరరావు గారి సముఖమునకు, వారి ఫ్లాట్ కాపలాదారు వెంకటరాజు చేయు ప్రకటన.

ఇందుమూలముగా సమస్త జనులకు తెలియజేయునది ఏమనగా: తొమ్మిదో అంతస్తు కారిడార్‌లోని కరివేపాకు మొక్క నేటి ఉదయం కొత్త చిగురు వేసినది. సదరు చిగురును ఎవరును తుంచరాదు, తాకరాదు, సాంబారును తలచుకొని దాని వంక ఆశగా చూడరాదు. ఈ నిబంధనను ఎదురింటి చైనా ఆంటీకి సైగలతో వివరించడమైనది. ఆమె శ్రద్ధగా విని, తలూపి, ఒక కొమ్మ విరుచుకొని వెళ్ళినది.

ఇక మామూలు భాషలోకి దిగుతాను. బావా, నువ్వూ అక్కయ్యా ఆఫ్రికా వెళ్ళి గుడారంలో పడుకుంటామంటే నేను కాదన్నానా? తువాస్ షిప్‌యార్డులో పొద్దస్తమానం ఇనుము కోయించే సూపర్‌వైజర్ని, "రాజూ, మేమొచ్చేదాకా ఫ్లాట్ చూసుకో" అనగానే సంచీ సర్దుకుని వచ్చాను. మరి ఫ్రిజ్ మీద ఆ కాగితం ఏమిటి? దానికి ప్లాస్టిక్ తొడుగొకటి! "సోఫాపై కాళ్ళు పెట్టరాదు. టాయిలెట్ వాడిన పిమ్మట నీళ్ళు వదలవలెను." నాకు నలభై ఏడేళ్ళు బావా. నీళ్ళు వదలడం ఈపాటికి వచ్చు. రూలు కనబడితే నీకు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టాలనిపిస్తుంది, అదీ నీ జబ్బు. దీనికి నా ప్రతీకారం తప్పదు. ఎప్పుడన్నది దేవుడికి వదిలేశాను.

నా సంగతికేం గానీ, అక్కయ్యకి ఆ గడ్డం ఆవులు ఏరు దాటడం చూపించు. టీవీలో ఆ ఏరు కనబడ్డప్పుడల్లా మీ ఇంట్లో పాలు పొంగిపోయేవి. మూడుసార్లు టికెట్లు కొన్నావు, మూడుసార్లూ ఆఫీసు పని పేరుతో రద్దు చేశావు. ఈసారి కూడా చూడకుండా తిరిగొస్తే, వచ్చే ఏడు నిన్ను ఇంట్లో వదిలేసి తన స్నేహితురాలు శ్యామలాదేవి ఆంటీతో వెళ్తానంది అక్కయ్య. ఊరికే అనే మనిషి కాదు.

ఇట్లు,
నీళ్ళు వదిలిన చేతులతో,
వెంకటరాజు

తా.క.: సోఫా చాలా మెత్తగా ఉంది. కాళ్ళకి.


మారా నది గట్టు, కెన్యా
సోమవారం

చి. రాజుకు, బావ ఆశీస్సులు. ఆశీర్వదించే ఓపిక లేదు, అయినా తీసుకో.

ఇక్కడ ఫోన్లు పనిచేయవు. ఆఫీసు గుడారంలో ఒక కంప్యూటర్ ఉంది, దానికి సాయంత్రం కాసేపే నెట్ వస్తుంది. నీ మెయిల్ అందులోనే చదివాను. కాళ్ళు దించు.

గుడారమంటే గుడ్డరా. నాకూ సింహానికీ మధ్య ఒక గుడ్డ, ఒక జిప్పు. మీ అక్క హాయిగా నిద్రపోతుంది. నేను జిప్పుకి కాపలా.

ఇక నీ గడ్డం ఆవుల, అదే వైల్డ్‌బీస్ట్‌ల సంగతి. వేలకు వేలు వస్తాయి. గట్టు అంచుదాకా వస్తాయి. ముందున్నది నీళ్ళ వంక చూస్తుంది. వెనకున్నది ముందున్నదాని వంక చూస్తుంది. ఏ ఒక్కటీ నిర్ణయం తీసుకోదు. కాసేపటికి అన్నీ కలిసి వెనక్కి వెళ్ళి గడ్డి తింటాయి. వన్-నార్త్ ఆఫీసులో మా సోమవారం మీటింగ్ చూడడానికి ఇంత దూరం రావాలా?

గట్టు మీద చెక్కబల్లల వేదిక ఉంది, ముందు వరసలో రెండే కుర్చీలు. పొద్దున్నే వెళ్ళి రెండింటి మీదా టిష్యూ పొట్లాలు పెట్టి, ఇవి మావి అని చోప్ చేసి, టీకి వెళ్ళాను. మన హాకర్ సెంటర్లో టేబుల్ మీద ఆ పొట్లం కనబడితే ఎంతటివాడైనా ప్లేటు పట్టుకుని పక్కకి తప్పుకుంటాడు కదా! తిరిగొచ్చేసరికి ఒక కుర్చీలో హాలెండ్ పెద్దాయన, రెండోదాంట్లో కోతి. పెద్దాయన నా టిష్యూతో ముక్కు చీదుకుంటున్నాడు. కోతి ఒక్కొక్కటే తీసి పిల్లలకి పంచుతోంది. ఇద్దరిలో కోతే నయం.

మీ అక్క తిట్టలేదు. అదే భయంగా ఉంది. "పోన్లెండి" అంది, అంతే. ఆ "పోన్లెండి" శ్యామలాదేవి గారి టికెట్టులా వినబడింది నాకు.

దిగులుతో,
సుధాకరరావు

తా.క. (ఉమ): తమ్ముడూ, గుడారంలో సింహం వాసన వస్తోందని ఈయన నన్ను నాలుగుసార్లు లేపారు. వాసన ఆయన పెట్టెలోంచే. ఆవకాయ సీసా పగిలింది.


బుకిట్ పంజాంగ్
మంగళవారం

గడ్డం ఆవుల చేత తిరస్కరించబడిన బావకు,

నీ ఉత్తరం చదివి కళ్ళ నీళ్ళు తిరిగాయి. టిష్యూలు వెతికితే ఇంట్లో ఒక్కటి లేదు, అన్నీ కోతికి పట్టుకెళ్ళావు.

బాధపడకు. మా యార్డులో ఒటియెనో అని కెన్యా మనిషి ఒకడున్నాడు, వెల్డరు. వాళ్ళ ఊరు సరిగ్గా ఆ ఏటి పక్కనే. కంపెనీ బస్సులో నా పక్క సీటే. నీ గోడు చెప్తే పొట్ట పట్టుకుని నవ్వాడు. "మీ బావ వాటి వంక చూస్తున్నాడా?" అన్నాడు. చూడక? అన్నాను. "అందుకే దాటట్లేదు. వాటికి సిగ్గు. మా తాతల నాటి నుంచి, మందలు దాటే రోజుల్లో మేం ఏటికి వీపు పెట్టి కూర్చుంటాం. చప్పుడు విన్నాకే తిరుగుతాం. ఇది మా ఊళ్ళో రూలు" అన్నాడు.

నాకు తెలిసింది చెప్పాను. ఆపైన నీ ఇష్టం.

ఇట్లు,
నీ మేలు కోరే వెంకటరాజు

తా.క.: ఎదురింటి ఆంటీ ఈరోజు రెండో కొమ్మ విరిచింది. బదులుగా నారింజపండు ఇచ్చింది. మొక్కతో వ్యాపారం మొదలైంది.


మారా గట్టు
బుధవారం

చి. రాజుకు,

ఒరేయ్, పని చేసింది!

పొద్దున వేదిక మీద కుర్చీ తిప్పుకుని ఏటికి వీపు పెట్టి కూర్చున్నాను. గైడు అడిగాడు, "సార్, ఆర్ యూ ఓకే?" అని. మీ ఊరి రూలే కదయ్యా, నీకు తెలీదా అంటే బిత్తరపోయాడు. కుర్రవాడు, ఒటియెనో లాంటి పెద్దలతో తిరిగి ఉండడు. కాసేపటికి మంద నీళ్ళ దాకా వచ్చిందట! ముందరిది కాలు కూడా తడుపుకుందట! ఇంతలో నేను ఆశ ఆపుకోలేక తిరిగి చూశాను. అంతే, అన్నీ వెనక్కి. తప్పు నాదే.

మధ్యాహ్నం ఒక అట్టముక్క మీద కన్ను బొమ్మ గీసి, దాని మీద అడ్డంగా ఎర్రగీత కొట్టి, "దయచేసి నది వైపు చూడవద్దు" అని ఇంగ్లీషులో రాసి వేదిక మెట్ల దగ్గర కట్టాను. హాలెండ్ దంపతులు కూడా వీపు తిప్పారు. మీ అక్క ఒక్కతే తిప్పనంటోంది.

ఒటియెనోని వెంటనే అడుగు: అద్దంలో చూస్తే చూసినట్టేనా? నా దగ్గర గడ్డం గీసుకునే అద్దముంది.

ఆశతో,
సుధాకరరావు

తా.క. (ఉమ): నేనింత దూరం వచ్చింది ఏరు చూడ్డానికి. క్యాంపు మొత్తం గడ్డి వైపు తిరిగి కూర్చుంది. నీ గొంతు ఎక్కడో వినబడుతోంది రాజూ.


బుకిట్ పంజాంగ్
గురువారం

రూలు పాటించుటయందు అగ్రగణ్యుడైన బావకు,

నీ ఉత్తరం చదివి సోఫా మీంచి కింద పడ్డాను. నీ రూలు ప్రకారం కాళ్ళు సోఫా మీద లేవు, నోట్ చేసుకో.

ఒటియెనోని అడిగాను. అద్దంలో చూస్తే ఇంకా మోసమట, వాటికి మండుతుందట. అయితే అందరూ తిరగక్కర్లేదట. అక్కయ్యని, హాలెండ్ వాళ్ళని ఏటి వైపే చూడనివ్వు. గట్టు మీద ఎవడికి ఎక్కువ ఆత్రమో వాడొక్కడు వీపు పెడితే చాలట. ఆ ఒక్కడూ చప్పుడు విన్నా తిరక్కూడదు, చివరి జంతువు గట్టెక్కేదాకా.

ఇట్లు,
వెంకటరాజు

తా.క.: మొక్కకి ఆకులకన్నా కాడలు ఎక్కువయ్యాయి. నారింజలు మాత్రం బుట్టెడున్నాయి.


మారా గట్టు
గురువారం సాయంత్రం

రాజుకు,

రేపే చివరి రోజు. శనివారం పొద్దున బయల్దేరాలి.

మీ అక్క ఈరోజు కూడా "పోన్లెండి" అంది. ఆ మాట అంటూ నా టోపీ సరిచేసింది. రాజూ, మూడుసార్లు టికెట్లు రద్దు చేసినప్పుడు కూడా ఇలాగే అంది. అప్పుడు నాకు వినబడలేదు, చెవిలో ఆఫీసు ఫోను ఉండేది.

రేపు తెల్లారగానే వేదిక మీద వీపు తిప్పి కూర్చుంటాను. చప్పుడైనా తిరగను. ఆవిడ చూస్తే చాలు. నాకు టీవీలో ఉంది.

ఒటియెనోకి నా నమస్కారాలు.

సుధాకరరావు


బుకిట్ పంజాంగ్
శుక్రవారం పొద్దున, బస్సు తప్పిపోతున్నా రాస్తున్నది

బావా, బావా, బావా,

తిరుగు! ఏటి వైపు తిరుగు! రూలు రద్దయింది! ఒటియెనో ఇప్పుడే చెప్పాడు. ఎండాకాలం రూలు అది, ఇప్పుడు వర్తించదట. అందరూ చూడొచ్చు. అద్దంలో, దుర్భిణిలో, నీ ఇష్టమొచ్చిన దాంట్లో చూడు!

ఈ మెయిల్ నీకు సాయంత్రందాకా చేరదని ఇప్పుడే తట్టింది. మీ అమ్మాయి మహతికి ఫోన్ చేసి, క్యాంపు వాళ్ళకి ఎలాగైనా కబురు పెట్టమన్నాను. సంగతంతా విని, "మామా, దేర్ నో సిగ్నల్ లా. యూ డూ దిస్ వన్, యూ సెటిల్ లా" అని పెట్టేసింది. నువ్వు పెంచిన పిల్లే.

కారిడార్లో నిలబడ్డాను. నేషనల్ డే జెండాలు వరసగా కట్టారు, ఎల్ఆర్‌టీ రైలు పోతోంది, అందరూ పనులకి పోతున్నారు. అక్కడ తెల్లారితే నువ్వొక్కడివే గడ్డి వైపు తిరిగి కూర్చుంటావు. నాకు అన్నం సయించట్లేదు బావా.

వెంకటరాజు

తా.క.: సోఫా తుడిచాను.


నైరోబి విమానాశ్రయం
శనివారం

చి. రాజుకు శుభాశీస్సులు,

దాటాయిరా!

నిన్న మధ్యాహ్నం. మొదట ఒక్క చప్పుడు, నీళ్ళలో బండరాయి పడ్డట్టు. తర్వాత కొండ విరిగిపడ్డట్టు. నా వెనకాలే! దుమ్ము వచ్చి నోట్లో పడింది. హాలెండ్ ఆవిడ బావురుమంది. మొసలి, మొసలి అని ఎవరో అరిచారు. మీ అక్క నా భుజం పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కుతోంది, "ఏమండీ, పిల్లది కొట్టుకుపోతోందండీ... ఎక్కిందండీ, ఎక్కేసింది!" అని ఏడుస్తూ నవ్వుతోంది. మెడ దానంతటది తిరగబోయింది. రెండు చేతులతో పట్టుకున్నాను. చివరిది గట్టెక్కేదాకా నేను చూసింది ఒక ముళ్ళపొద. దాని ప్రతి ముల్లూ నాకు గుర్తుంది.

ఒటియెనో రుణం తీర్చుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం మనింటికి భోజనానికి పిలుచుకురా. మీ అక్క గోంగూర మాంసం చేస్తుంది. ఆయనకి బట్టలు పెట్టాలని కూడా అంటోంది.

ఆనందంతో,
సుధాకరరావు

తా.క. (ఉమ): చొక్కా కొలత అడిగి చెప్పు రాజూ.


బుకిట్ పంజాంగ్
శనివారమే

బావకు, అక్కయ్యకు,

ఒటియెనో లేడు.

అంటే ఊరెళ్ళాడని కాదు. అసలు పుట్టలేదు. టీవీలో పరుగుపందెం చూస్తూ ఆ పేరు పట్టుకున్నాను. బస్సులో నా పక్క సీట్లో కూర్చునేది మన పలాస హరికృష్ణ. ఆదివారానికి వాడినే ఒటియెనో అని తీసుకొద్దామా అని కూడా ఆలోచించాను, అంత దిగజారాను. కానీ వాడు గోంగూర చూస్తే "ఓలమ్మో" అంటాడు, దొరికిపోతాను.

ఫ్రిజ్ మీద కాగితానికి ఒళ్ళు మండి ఆడిన ఆట బావా. నువ్వు ఒక పూట వెనక్కి తిరిగి కూర్చుంటే నవ్వుకుందామనుకున్నాను. అంత పెద్ద ఏరు, అంత పెద్ద మంద, బతుకులో ఒక్కసారి, నీ చేత ముళ్ళపొద చూపించాను. తిట్టు. కొట్టు. కాగితం ఇంకొకటి అంటించు, ప్లాస్టిక్ తొడుగు నేనే వేయిస్తాను.

తలదించుకున్న,
వెంకటరాజు

తా.క.: మొక్క కూడా లేదు. నారింజలున్నాయి.


విమానంలోకి ఎక్కబోతూ
శనివారం

చి. రాజుకు,

ఆదివారం భోజనం ఖాయం. ఒటియెనోకి కూడా ఆకు వేస్తాం. రెండాకులూ నువ్వే తినాలి.

నీ "రూలు రద్దు" ఉత్తరం శుక్రవారం సాయంత్రమే చదివాను. తాతల నాటి రూలు బస్సు టైముకి రద్దవుతుందట్రా? ఇన్నేళ్ళుగా రూల్స్ చదువుతున్నవాణ్ణి. అసలైన రూలుని రద్దు చేయాలంటే మూడు కమిటీలు కావాలి. అక్కడ దొరికిపోయావు.

అయితే పగలంతా నేను వీపు తిప్పి కూర్చున్న మాట నిజం. మధ్యాహ్నం పక్కన కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. చూస్తే మీ అక్క. తనూ గడ్డి వైపు తిరిగి కూర్చుంది. "అటు చూడవేం, వస్తాయేమో!" అన్నాను. "వస్తే రానివ్వండి. ఫోను లేకుండా మీరు ఒకచోట ఇంతసేపు కూర్చోవడం అంతకన్నా అరుదు. ముందు ఇది చూస్తాను" అంది. సాయంత్రందాకా ఆ ముళ్ళపొదనే చూస్తూ కబుర్లు చెప్పుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో నీకు చెప్పను.

వచ్చే ఏడు మళ్ళీ వస్తున్నాం. శ్యామలాదేవి గారు రావట్లేదు. నేను వస్తున్నాను. నువ్వు కూడా. మేమిద్దరం ఏటి వైపు కూర్చుంటాం. వీపు తిప్పి కూర్చునేది నువ్వు.

ఇట్లు,
మీ బావ సుధాకరరావు

తా.క. (ఉమ): నా మొక్క సంగతి మేమొచ్చాక మాట్లాడదాం, నిలబెట్టి. ఇంకో మాట తమ్ముడూ. ఆ కొండ విరిగిన చప్పుడు, మొసలి, కొట్టుకుపోయి గట్టెక్కిన పిల్ల, అవన్నీ నేను చెప్తుంటే మీ బావ రాశారు. మేం జీపెక్కి వచ్చేసేదాకా ఒక్కటంటే ఒక్కటి ఏరు దాటలేదు.